తుపాకి నెవరు చూడవలెను?

2021వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీని అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రమున, శాంతాఫే పట్టణ సమీపమందలి బొనాంజా క్రీక్ రాంచ్ అను చోట 'రస్ట్' అను చలనచిత్రమునకు సన్నాహము జరుగుచుండెను. చర్చివలె నిర్మింపబడిన మందిరములో నటుడు ఆలెక్ బాల్డ్విన్ ఒరనుండి రివాల్వరు దీసి ఛాయాగ్రహణ యంత్రమువైపు చూపుట నభ్యసించుచుండెను. ఆ రివాల్వరు ప్రేలెను. అందుండి వెలువడిన గుండు ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ దేహమును దూసికొనిపోయి వెనుకనున్న దర్శకుడు జోయెల్ సౌజా భుజమున నాటెను. దర్శకుడు బ్రతికెను. ఉక్రెయిన్ దేశమున బుట్టి, పరదేశమున తన కళచే పేరు గడించుచుండిన హలీనా హచిన్స్ నలువదిరెండవ యేట ఆనాడే మరణించెను.

ఆ తుపాకిలో నుండవలసినవి ఉత్తుత్తి తూటాలు. వానిలో నొక నిజమైన తూటా చేరియుండెను. దీనిని దైవికమని చెప్పి, రెండు కన్నీటి బొట్లు విడిచి యూరకుండుట సులభము. కాని తూటా తనంత తాను నడచివచ్చి తుపాకిలో దూరదు. ఒకరు తేవలెను, ఒకరు నింపవలెను, ఒకరు చూడక విడువవలెను, ఒకరు చూడక పుచ్చుకొనవలెను. ఇన్ని చేతులు మారిన పిదప గాని మృత్యువు ఆ మందిరమున కాలు మోపలేదు. వీనిలో ఏ యొక్క చేయి తన పని తాను చేసియున్నను ఆమె నేడు బ్రతికియుండెడిది. ఈ సంగతిని మన పాఠకుల యెదుట బెట్టుటకు కారణ మిదియే.

తుపాకితో పరిచయము లేనివారికి తూటా యన నేమో కొంచెము చెప్పవలసియున్నది. దానికి నాలుగంగములు. ఇత్తడి గొట్టము, అందులో మందు, మూతివద్ద గుండు, అడుగున తాకిడికి నిప్పు పుట్టించు ప్రైమరు. తుపాకి సుత్తి ప్రైమరును కొట్టును. నిప్పు మందున కంటును. మందు వాయువై గుండును తరుమును. చలనచిత్రములవారు దీనికి బదులు రెండు విధములైన తూటాలను వాడుదురు. మంటయు చప్పుడును గావలసినచోట బ్లాంకు. అందు మందుండును, గుండుండదు. తుపాకి నిండుగా నున్నట్లు తెరపై కనబడవలసినచోట డమ్మీ. అందు గుండుండును, మందుండదు. డమ్మీ చూపునకు నిజమైన తూటావలెనే యుండవలెను. అదియే దాని ప్రయోజనము, అదియే దాని యపాయము. త్రాటిని జూచి పామని భ్రమించుటను వేదాంతులు దృష్టాంతముగా జెప్పుదురు. ఆ భ్రమలో భయమే గాని ప్రాణహాని లేదు. ఇచ్చట పామును జూచి త్రాడని నమ్మిరి.

గుర్తుపట్టుటకు మార్గము లేక కాదు. డమ్మీలో మందునకు బదులు చిన్న ఉక్కుగుండును వేయుదురు. చెవియొద్ద బెట్టి యాడించిన గలగలమనును. కొన్నిటికి ప్రక్కను రంధ్రము తొలిచియుందురు. ఆ రివాల్వరులో పట్టు తూటాలు ఆరు. ఆరింటిని బయటికి దీసి, యాడించి, చూచి, మరల బెట్టుటకు రెండు నిమిషములు చాలును. దానికి బదులు జరిగినదేమి? తుపాకి 'కోల్డ్ గన్' అని, అనగా అందు అపాయకరమైన తూటా లేదని, కేక వేయబడెనని దర్యాప్తు పత్రములలో నున్నది. కేక వినబడెను, చేతులు మారెను, పరీక్ష జరుగలేదు. తాను తుపాకిని సరిగా పరీక్షింపలేదని సహాయ దర్శకుడు పిమ్మట న్యాయస్థానమున నొప్పుకొనెను. ఆ స్థలమున వెదకగా ప్రాణము దీసినదానితో గూడ ఆరు నిజమైన తూటాలు బయల్పడెను.

ఇట్టిది మొదటిసారియైనచో నజ్ఞానమని సరిపెట్టుకొనవచ్చును. కాని దీనికి ఇరువదియెనిమిదేండ్లకు ముందే, 1993 మార్చి 31న, నార్త్ కరొలైనా రాష్ట్రపు విల్మింగ్టన్ నగరమున 'ది క్రో' అను చిత్రము తీయుచుండగా బ్రాండన్ లీ యను నటుడు మరణించెను. ఆతడు సుప్రసిద్ధుడైన బ్రూస్ లీ కుమారుడు, ఇరువదియెనిమిదేండ్ల వాడు. అచ్చట నిజమైన తూటాలనుండి మందు దీసివేసి డమ్మీలను చేసికొనిరి. ప్రైమరును మాత్రము తీయరైరి. మీట నొక్కినపుడు ప్రైమరొక్కటియే ప్రేలి, గుండును తుపాకి గొట్టములోనికి కొంతదూరము నెట్టి విడిచెను. గుండు గొట్టములో నిరుకుకొని యుండుటను ఎవరును గమనింపలేదు. పిమ్మట మరియొక దృశ్యమునకు ఆ తుపాకిలోనే బ్లాంకులను నింపిరి. బ్లాంకులో గుండు లేదు, నిజమే. కాని గొట్టములో గుండున్నది. డమ్మీలో మందు లేదు, నిజమే. కాని బ్లాంకులో మందున్నది. విడివిడిగా నిరపాయములని తలపబడిన రెండును గలసి సంపూర్ణమైన తూటా యయ్యెను. గొట్టములో నొక కడ్డీ దూర్చి చూచియుండిన ఆ యువకుడు దక్కెడివాడు. ఆ మరణమునకై ఎవరిపైనను నేరారోపణ జరుగలేదు.

అంతకు పూర్వము 1984 అక్టోబరులో జాన్ ఎరిక్ హెక్సమ్ అను నటుడు, బ్లాంకులున్న రివాల్వరును వేడుకకు కణతకానించి మీట నొక్కెను. గుండు లేకున్నను, మందు వాయువు తాకిడికే పుర్రె యెముక పగిలి, ఆరు దినములకు మరణించెను. బ్లాంకు, డమ్మీ, కోల్డ్ అను పేర్లన్నియు మనస్సునకు ధైర్యము చెప్పునవే. తుపాకికి పేర్లు తెలియవు. అందున్న దేదియో అదియే ప్రేలును.

చలనచిత్రములవారి సంగతి మనకేల యని పాఠకు లడుగవచ్చును. పేరును నమ్మి వస్తువును చూడకుండుట నటుల కొక్కరికే గల జాడ్యము కాదు. 2011 జూన్ 30న ఆరెగాన్ రాష్ట్రపు పోర్ట్‌లాండ్ నగరమున, ప్రాణము దీయని గుడ్డసంచి తూటాలను కాల్చుటకై ప్రత్యేకించిన తుపాకిలో ఒక పోలీసు ఉద్యోగి నిజమైన తూటాలను నింపుకొని కాల్చెను. ఎదుటి మనుష్యుడు తీవ్రముగా గాయపడెను. తర్ఫీదు పొంది, నిత్యము ఆయుధమును ధరించువాడే యిట్లు పొరబడిన, పెట్టెలో దాచియుంచి యేడాదికొకసారి వెలికిదీయువాని మాట చెప్పనేల?

మన దేశమునకే వత్తము. లైసెన్సు గలవారు ముప్పదిరెండు బోరు రివాల్వరనియు, ముప్పదిరెండు బోరు పిస్తోలనియు వాడుకగా చెప్పుదురు. కానుపూరు ఆయుధ కర్మాగారములలో తయారైన రివాల్వరు ఈ కొలతదే; 2014లో స్త్రీల రక్షణకని ప్రకటింపబడిన 'నిర్భీక్'యు ఈ కొలతదే. కాని ఈ ముప్పదిరెండు ఒకటి కాదు, రెండు. రివాల్వరునకు వేయవలసినది 1896 నాటి స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్ తూటా. పిస్తోలునకు వేయవలసినది 1899 నాటి బ్రౌనింగు తూటా. అమెరికా పరిశ్రమవారి ప్రమాణముల ప్రకారము మొదటిదాని ఒత్తిడి చదరపు అంగుళమునకు 15,000 పౌనులు మించరాదు. రెండవదానికి 20,500 పౌనులవరకు అనుమతి కలదు. పిస్తోలు తూటా కొన్ని రివాల్వర్ల అరలలో దూరును. దూరినది గదా యని కాల్చువాడు, తక్కువ ఒత్తిడికై పోతపోసిన లోహముపై ఎక్కువ ఒత్తిడిని పెట్టుచున్నాడు. పాత రివాల్వరైనచో దాని ఫలమును కాల్చినవాని చేయియే యనుభవింపవలెను. తొమ్మిది మిల్లీమీటర్లను పేరు సంగతియు నిట్టిదే. ఆ యొక్క పేరుతో పదునేడు, పదునెనిమిది, పందొమ్మిది మిల్లీమీటర్ల పొడవుగల మూడు వేర్వేరు తూటాలు లోకమున చెలామణి యగుచున్నవి.

పొడుగు తుపాకులలో పండ్రెండు బోరుది మన జనులకు మిక్కిలి పరిచితము. ఇరువది బోరు తూటా దానికంటె సన్నము. పొరపాటున దానిని పండ్రెండు బోరు తుపాకిలో వేసిన, అది ముందునకు జారి గొట్టములో నిరుకుకొనును. తుపాకి ప్రేలలేదే యని తెరచి చూచినవానికి అర ఖాళీగా గనబడును. అపుడు సరియైన తూటాను వెనుక వేసి కాల్చినచో, ముందున్నది అడ్డుపడి గొట్టము పగులును. వ్రేళ్లు పోవచ్చును, కన్నులు పోవచ్చును. నిప్పును తెలిసి తాకినను కాలును, తెలియక తాకినను కాలును.

ఈ పొరపాట్లను జూచి ఆయుధ నిర్మాతలు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. అమెరికాలో ఇరువది బోరు తూటాల గొట్టములకు పసుపుపచ్చని రంగు ప్రత్యేకింపబడినది. అంధుడు గానివాడెవ్వడును దానిని పండ్రెండు బోరుదని పొరబడ నక్కరలేదు. 1935లో .357 మాగ్నమ్ అను బలమైన తూటాను వెలువరించినపుడు, అది పాత .38 స్పెషల్ రివాల్వరులో దూరకుండుటకై దాని గొట్టమును ఇంచుమించు అంగుళములో ఎనిమిదవ వంతు పొడిగించిరి. పాత తూటా క్రొత్త రివాల్వరులో నిరపాయముగా ప్రేలును. క్రొత్త తూటా పాత రివాల్వరులో దూరనే దూరదు. ఇది వివేకవంతుల పద్ధతి. మనుష్యుడు మరచును, అలసిపోవును, తొందరపడును. అందుచే మరువని లోహమునకే కాపలా నప్పగించిరి. 'జాగ్రత్త' యని గోడపై వ్రాయు నూరు హెచ్చరికలకంటె ఆ అంగుళములో ఎనిమిదవ వంతు మేలు.

కాని లోహ మెల్లచోటుల కావలి కాయలేదు. ముప్పదిరెండు తూటాల విషయమున కాయలేదు. డమ్మీల విషయమున అసలే కాయజాలదు. ఏలయన నిజమైన తూటాను పోలియుండుటకే డమ్మీ పుట్టినది. లోహము విడిచినచోట కన్ను పూనుకొనవలెను. ఆ కన్ను ఎవరిది?

ఇచ్చటనే యొక వాదము బయలుదేరును. నటుడు నటించుటకు వచ్చినవాడు. తూటాల పరీక్ష వాని వృత్తి కాదు. దానికై జీతమిచ్చి నిపుణులను నియమించియుండగా వాని నేల తప్పుపట్టవలెను? వైద్యుడిచ్చిన మందును రోగి పరీక్షించి త్రాగుచున్నాడా? ఈ వాదమున కొంత సత్యము లేకపోలేదు. శ్రమను పంచుకొననిదే యే పెద్దపనియు సాగదు. కాని శ్రమను పంచుకొనవచ్చును గాని, యెదుటివాని ప్రాణముపట్ల గల విధిని పంచుకొనుటకు వీలులేదు. రోగి త్రాగు మందు రోగి ప్రాణమునకే సంబంధించినది. తుపాకి పట్టినవాని చేతిలో నున్నది పరుల ప్రాణము. నిపుణుడు చూచుట నిపుణుని విధి. పట్టువాడు తన యెదుట తెరిపించి చూచుకొనుట పట్టువాని విధి. ఒకరు చూచిరని రెండవవారు మానిన, రెండవవారు చూతురని మొదటివారు మానుదురు. తుదకు ఎవరికి వారే యమునా తీరే యగును. రెండు కావళ్లుండవలసినచోట ఒక్కటియైన మిగులదు.

న్యాయస్థానము లీ ప్రశ్నకు సమాధానము చెప్పగలిగెనా? న్యూమెక్సికో ప్రభుత్వపు కార్మిక రక్షణ శాఖ 2022 ఏప్రిలులో చిత్రనిర్మాణ సంస్థకు 1,36,793 డాలర్ల జరిమానా విధించెను. సహాయ దర్శకుడు 2023లో, మారణాయుధమును అజాగ్రత్తగా వాడిన నేరము క్రింద శిక్షకు సమ్మతించి ఆరునెలల ప్రొబేషన్ పొందెను. ఆయుధముల సంరక్షకురాలు హత్యోద్దేశము లేని నరహత్య చేసినదని 2024 మార్చి 6న జ్యూరీవారు తీర్మానింపగా, ఏప్రిలులో ఆమెకు పదునెనిమిది మాసముల కారాగారవాసము విధింపబడెను. తాను మీట నొక్కలేదని చెప్పిన బాల్డ్విన్‌పై వ్యాజ్యము 2024 జూలై 12న కొట్టివేయబడెను. తూటాలకు సంబంధించిన సాక్ష్యమును ప్రభుత్వపక్షము మరుగుపరచుటయే దానికి కారణము. కావున తుపాకి పట్టినవాని బాధ్యత యెంత యను మూలప్రశ్న ఆ వ్యాజ్యమున తేలకయే పోయెను. తేలినను మృతురాలి కుమారునికి తల్లి తిరిగి రాదు. శిక్ష యావశ్యకమే, కాని యది గతజల సేతుబంధనము. నీరు పోవక ముందే కట్ట వేయవలెను.

నియమములు లేక యీ కీడు మూడలేదు. నిజమైన తూటాలను చిత్రీకరణ స్థలమునకు తేనే కూడదని అమెరికా చలనచిత్ర పరిశ్రమవారి రక్షణ సూత్రములలో స్పష్టముగా నున్నది. ప్రతి తుపాకిని నిండినదానినిగనే యెంచవలెనని యందే యున్నది. ఆచరించువాడు లేని సూత్రము అజాగళస్తనము వంటిది. అందుచేతనే కొందరు మేలుకొని, అసలు తుపాకినే దూరము చేసిరి. 'ది రూకీ' అను టెలివిజన్ ధారావాహికను నిర్మించువారు ఆ యక్టోబరులోనే నిజమైన తుపాకులను మానివేసి, బొమ్మ తుపాకులతో నటింపజేసి, మంటను యంత్రములచే కల్పించుటకు నిశ్చయించిరి. హైదరాబాదునను, తక్కిన తావులను చిత్రములు తీయు మన తెలుగువారు గ్రహింపదగిన మార్గమిది. తెరమీది మంటకై మనుష్యుని ప్రాణమును పణముగా నొడ్డ నవసరము లేదు.

మన దేశమున ఆయుధము వెనుక నొక చరిత్ర కలదు. 1878లో లిట్టను ప్రభువు కాలమున వచ్చిన ఆయుధ చట్టము భారతీయుని చేతినుండి ఆయుధమును తీసికొనెను. నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కును 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానమున చేర్చెను. స్వతంత్ర భారతమున 1959లో క్రొత్త చట్టము వచ్చెను. 2016 నాటి నియమములు లైసెన్సు కోరువాడు రక్షణ శిక్షణమును పొందవలెనని విధించినవి. 2019 సవరణ, పెండ్లిండ్లలోను ఉత్సవములలోను వేడుకకై తుపాకి కాల్చి పరులకు అపాయము తెచ్చువానికి రెండేండ్లవరకు ఖైదుగాని, లక్ష రూపాయలవరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చునని శాసించెను. చట్టము తన పని కొంత చేసినది. కాని ఆకాశమునకు కాల్చిన గుండు మరల నేలకు రాదని నమ్మువాడును, ఎవరో కోల్డ్ అన్నారని తుపాకి నెత్తినవాడును ఒక తెగవారే. శిక్షణము ధ్రువపత్రముతో ముగిసిన ప్రయోజనము లేదు. చేతి యలవాటై నిలువవలెను. హక్కును కోరిన జాతి దానికి తగిన శ్రద్ధను గూడ అలవరచుకొనవలెను.

ఆ యలవాటు కష్టసాధ్యమైనది కాదు. తుపాకిని చేతికి తీసికొనువాడు, ఇచ్చువాని యెదుటనే దానిని తెరచి చూడవలెను. ఇచ్చువాడు దానిని అవమానముగా నెంచరాదు. ఒక సంచిలో రెండు రకముల తూటాల నుంచరాదు. ముప్పదిరెండని చెప్పి కొనక, తుపాకిపై చెక్కిన పూర్తి పేరును తూటా అడుగున ముద్రించిన పేరుతో సరిచూచుకొనవలెను. దూరినంత మాత్రమున సరియైనదని తలపరాదు. కాల్చినపుడు చప్పుడు మామూలుకంటె మందముగా వినబడిన వెంటనే ఆపి, తుపాకిని ఖాళీచేసి, గొట్టములో గుండు చిక్కియున్నదేమో చూడనిదే రెండవమారు మీట ముట్టరాదు. మూతి నెన్నడును, ఉత్తదని యెంత నమ్మకమున్నను, మనుష్యునివైపు త్రిప్పరాదు. ఈ చివరి నియమ మొక్కటి పాటింపబడిన, తక్కినవన్నియు తప్పినను ప్రాణము దక్కును.

మన సంఘమున పెద్దల మాటను శంకించుట మర్యాద కాదను భావము కలదు. 'చూచితి నండీ' యని యొకరన్న పిదప మరల తెరచి చూచుట వారిని నమ్మకపోవుటయని మొగమాటపడుదుము. అనేక విషయములలో ఈ మొగమాటము శోభించును. తుపాకి విషయమున నిది మృత్యువునకు తలుపు తీయుట. చూచితినని చెప్పినవాడు నిజాయితీపరుడే కావచ్చును. నిజాయితీ తూటాను మార్చదు. ఆతడు చూచిన పిదప మరియొకటి చేరియుండవచ్చును. ఆతడు ఐదింటిని చూచి ఆరవదానిని విడిచియుండవచ్చును.

కావున మా ప్రశ్నకు మేమే సమాధానము చెప్పుచున్నాము. తుపాకి నెవరు చూడవలెను? తెచ్చినవాడు చూడవలెను, నింపినవాడు చూడవలెను, అందించినవాడు చూడవలెను, అందరికంటె కడపట, అందరికంటె శ్రద్ధతో, పట్టినవాడు చూడవలెను. శాంతాఫే సమీపమున ఆనాడు కరవైనవి రెండు నిమిషములు. వానిని వెచ్చించుటకు చట్టమక్కరలేదు, ధనమక్కరలేదు, పాండిత్యమక్కరలేదు. ఎదుట నిలుచున్నవాని ప్రాణము తన ప్రాణమంత విలువగలదని యెరిగిన చాలును.